లెక్కల ఉపాధ్యాయుని చదువు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



లెక్కలు చెప్పు ఉపాధ్యాయునకు క్రొత్తగా చదువవలసిన దేమియు లేదని లోకములో నొక యభిప్రాయము కలదు. తెలుగు చెప్పువాడు కావ్యములు తిరుగవేయవలెను. చరిత్ర చెప్పువాడు బయటపడిన శాసనముల సంగతి తెలిసికొనుచుండవలెను. విజ్ఞానశాస్త్రము చెప్పువానికి ఏటేట క్రొత్త విషయములు వచ్చుచునే యుండును. లెక్కల ఉపాధ్యాయునకేమి? ఏడెనిమిదులు ఏబదియారు. తాతగారి కాలమునను ఏబదియారే, మనుమని కాలమునను ఏబదియారే. ఒక్కసారి నేర్చుకొని, ముప్పది యేండ్లు దానినే చెప్పి, పింఛను పుచ్చుకొనవచ్చునని ఎకసక్కెమాడు వారును గలరు.

ఈ మాట యెంత పొరపాటో తెలియుటకు దూరము పోనక్కరలేదు. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయకు పదునారణాలు పోయి నూరు నయాపైసలు వచ్చినవి. ఆ మరునాడు బడికి పోయిన ఉపాధ్యాయుడు అణాకు ఆరుంబాతిక నయాపైసలని తాను ముందు నేర్చి పిల్లలకు నేర్పవలసి వచ్చెను. 1958 అక్టోబరు మొదలుకొని వీసెలు, మణుగులు క్రమముగా తొలగి కిలోలు వచ్చినవి. నూటయిరువది తులముల వీసె రమారమి కిలో నాలుగువందల గ్రాములు. ఈ సంగతి పాఠ్యపుస్తకములోనికి ఎక్కకముందే కిరాణా కొట్టులోనికి ఎక్కినది. పిల్లవాడు నూనె సీసాతో అంగడికి పోయి, తిరిగి వచ్చి, "మాస్టారూ, పాత వీసెకు క్రొత్త ధరయెంత?" అని యడిగిన నాడు సమాధానము చెప్పగలవాడు అంతకుముందు రోజు పత్రిక చదివినవాడే.

జగ్గయ్యపేట, నందిగామల మెట్టసీమలో లెక్కల ఉపాధ్యాయునకు ఇట్టి పరీక్షలు మరింత యెక్కువ. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేర నిలిపిన పేట ఎల్లమీది యూరు. ఎల్లకు ఈవల ఇంగ్లీషువారి రూపాయ, ఆవల నైజాము హాలీ రూపాయ చెలామణిలో నుండెడివి. ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇంగ్లీషు రూపాయలు. నూరు రూపాయల సరకు కొన్నవాడు హాలీలో నూటపదునారు రూపాయల పదియణాల ఎనిమిది పైలు ఇచ్చుకొనవలెను. త్రైరాశికము బడిలో నేర్చినను నేర్వకున్నను, బండి కట్టుకొని సంతకు వచ్చిన రైతునకు అది తప్పలేదు. హాలీ సిక్కా పోయినది గాని ఎల్ల పోలేదు. 2014 జూన్ 2న తెలంగాణము వేరు రాష్ట్రమైనది. కోదాడ వైపున భూమి గుంటలలో చెప్పుదురు. ఈవల సెంట్లలో చెప్పుదురు. ఎకరమునకు నలుబది గుంటలు, నూరు సెంట్లు. కనుక గుంటకు రెండున్నర సెంట్లు. ఈ రెండున్నర తెలియక ఆవల భూమి బేరమాడినవాడు ఎంత నష్టపోవునో చెప్పనక్కరలేదు. 2022 ఏప్రిల్‌లో ఈ రెండు పట్టణములును కృష్ణాజిల్లా నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చినవి, జిల్లా పేరు మారినను గుంటకు రెండున్నర సెంట్లే.

జగ్గయ్యపేట ప్రక్కనున్న గుట్టమీది బౌద్ధస్తూపమును ఎరుగనివారు లేరు. 1882లో జేమ్స్ బర్జెస్ అను దొర దానిని త్రవ్వించెను. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలపు స్తంభశాసనము లచట దొరికినవి. అవి క్రీస్తు తరువాత మూడవ శతాబ్దము నాటివి. ఆ శాసనములోని తేదీ యిది: సంవత్సరము 20, వర్షపక్షము 8, దినము 10. చరిత్ర చెప్పువాడు రాజు పేరు చూచి సంతోషించును. లెక్కల ఉపాధ్యాయుడు చూడవలసినది ఆ యంకెలు వ్రాసిన తీరు. ఆ బ్రాహ్మీలిపిలో పదికి ఒక గుర్తు, ఇరువదికి వేరొక గుర్తు కలవు. ఒకటి ప్రక్కన సున్న పెట్టిన పది, రెండు ప్రక్కన సున్న పెట్టిన ఇరువది యను పద్ధతి ఆ లేఖకుని వ్రాతలో లేదు. ఒకటవ తరగతి పిల్లవాడు "పదికి సున్న యెందుకు పెట్టవలెను?" అని యడిగినప్పుడు కోపగించుకొను ఉపాధ్యాయుడు, ఆ ప్రశ్నకు మనుష్యజాతి సమాధానము కనుగొనుటకు ఎన్ని తరములు పట్టెనో తెలిసికొన్నచో కోపగించుకొనడు. ఊరి గుట్టమీది రాయి ఆ సంగతి చెప్పుచున్నది. దానిని చదివించు పుస్తకము గ్రంథాలయములో నుండవలెను.

ఇక తెలుగు గణితమునకు మూలపురుషుడైన పావులూరి మల్లన సంగతి. రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్ష నృపతుంగుని కాలమున, తొమ్మిదవ శతాబ్దములో, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. పదునొకండవ శతాబ్దమున మల్లన దానిని తెలుగు చేసెను. తెలుగులో మనకు దక్కిన గణితగ్రంథములలో ఇది తొలిది. పండితులు ఆయన కవిత్వమును మెచ్చుకొందురు, కాలమును గూర్చి వాదించుకొందురు. ఉపాధ్యాయునకు అంతకంటె ముఖ్యమైన విశేషమొకటి కలదు. మూలగ్రంథకర్త జైనుడు, ఆయన లెక్కలలో జినాలయములు, జినపూజలు వచ్చును. మల్లన శైవుడు, తన పాఠకులకు తెలిసిన శివపూజలను ఆ స్థానమున నిలిపెను. సూత్రమును విడువలేదు, ఉదాహరణమును మార్చెను. అనగా వేయి యేండ్ల క్రిందటనే ఒక తెలుగువాడు తన యెదుట కూర్చున్నవా డెవడో చూచి లెక్క కట్టెను. నేటి పాఠ్యపుస్తకములలో రైలుబండి, విమానము, స్టాకు మార్కెట్టు కలవు; మిరపకల్లము కలదా? లేదనినచో ఉపాధ్యాయుడు మల్లన చేసిన పని చేయవలెను. అందుకు ఆయనకు కావలసినవి కల్లము లోని లెక్క తెలియుటయు, మల్లన పుస్తకము దొరకుటయు. మొదటిది ఊరిలో కలదు. రెండవది దొరకుట కష్టమగుచున్నది.

పుస్తకము దొరకని నాడు పత్రిక కలదు. తెల్లవారగనే గ్రంథాలయపు బల్లమీదికి వచ్చు పత్రికలో రాజకీయము చదువువారు పలువురు, సినిమా చదువువారు పలువురు. లెక్కల ఉపాధ్యాయుడు చదువవలసిన పుట అదియిదియని లేదు. వానకాలము వచ్చినదనిన "ఇన్ని క్యూసెక్కులు వదలిరి, ఇన్ని టి.ఎం.సి.లు నిండినవి" యని వ్రాయుదురు. చదువువారు తలలూపుదురు. క్యూసెక్కనగా సెకనునకు ఒక ఘనపుటడుగు నీరు, టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. దినమునకు 86,400 సెకనులు. కనుక 11,574 క్యూసెక్కుల ప్రవాహము ఇరువదినాలుగు గంటలు సాగిన ఒక టి.ఎం.సి. యగును. ఈ ఒక్క అంకె తెలిసిన పిల్లవానికి పత్రికలోని నీటి వార్తలన్నియు అర్థమగును.

2024 సెప్టెంబరు 2న విజయవాడ ప్రకాశం బ్యారేజివద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చెను. అంతకుముందు 2009లో వచ్చిన పెద్ద వరద 11 లక్షల 10 వేలు. పై లెక్కన 2024 నాటి యుధృతి ఒక దినము నిలిచినచో రమారమి 99 టి.ఎం.సి. యగును. పులిచింతల జలాశయము పట్టునది 45.77 టి.ఎం.సి. అనగా ఖాళీగా నున్న పులిచింతల సైతము ఆ ప్రవాహమునకు పదునొకండు గంటలలో నిండిపోవును. "అంత పెద్ద ఆనకట్ట యుండగా వరద యెందుకు వచ్చినది?" అని రచ్చబండమీద జరుగు వాదము ఈ భాగహారముతో చాలవరకు తీరును. 2023 జూలైలో మునేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరమువద్ద హైదరాబాదు రహదారిమీదికి వచ్చి బండ్లను నిలిపివేసిన సంగతి పిల్లలందరును చూచిరి. చూచిన పిల్లలకు ఈ లెక్క చెప్పుట సులభము. మరచిపోవుటకు ముందే చెప్పవలెను.

వాన లెక్కయు నంతే. ఒక మిల్లీమీటరు వాన ఎకరముమీద పడిన 4,047 లీటర్ల నీరు. పది సెంటీమీటర్ల వాన పడినదని పత్రికలో చదివినప్పుడు ఎకరమునకు నాలుగు లక్షల లీటర్లు పడినవని తెలియవలెను. అయిదువేల లీటర్ల ట్యాంకరులు ఎనుబదియొకటి. వేసవిలో ఒక్క ట్యాంకరు నీటికై తగవులాడు ఊరిలో, పొలము గట్టు దాటి పోవు నీటి విలువ ఇంతకంటె తేటగా చెప్పు పాఠము మరియొకటి లేదు.

పత్రికలో నుండు అంకెలన్నియు మంచివని కాదు. మిర్చి ధర నూటికి ఏబది వంతులు పడి, మరుసటి యేడు నూటికి ఏబది వంతులు లేచినదని వ్రాసినచో, ధర మొదటి చోటికి వచ్చినదని నమ్మువారు చాలమంది. క్వింటాలు ఇరువదివేలున్నది పదివేలైనది. పదివేలమీద సగము లేచిన పదునైదువేలే. మొదటి చోటికి రావలెననిన నూటికి నూరువంతులు లేవవలెను. ఇట్టి శీర్షికలను కత్తిరించి దాచుకొను ఉపాధ్యాయునకు శాతముల పాఠము చెప్పునాడు ఉదాహరణములు వెదకుకొనవలసిన పని యుండదు. నేడు అందరి చేతులలో ఫోనులు కలవు. వానిలో లెక్కల చిట్కాలు చెప్పువారును కొల్లలు. త్వరగా గుణించు యుక్తులు తప్పు గావు, ఉపయోగకరములే. కాని "ఇది వేదములో నున్నది" యనువారిని మాత్రము ఏ మంత్రమో చూపుమని యడుగవలెను. వేదగణిత మను పేరుతో 1965లో అచ్చైన పుస్తకములోని సూత్రములు అథర్వవేదపు ప్రతులలో పండితులకు కనబడలేదు. వేదమునకు గౌరవము కావలెననిన అందులో లేనిది అంటగట్టనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినవి తెలిసిన మంచిది, తెలియకున్న గడచిపోవును. గడచిపోనిది ఒకటి కలదు. అది ప్రోనోటు.

మెట్టరైతు వర్షముమీద, బోరుమీద, సాగరు ఎడమకాలువ చివరి నీటిమీద ఆధారపడి పత్తియో మిరపయో వేయును. విత్తనములకు, పురుగుమందులకు, కూలికి అప్పు చేయును. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. రెండు రూపాయలే గదా యనిపించును. ఏటికి నూటికి ఇరువదినాలుగు. లక్షరూపాయలు తెచ్చినాడనుకొందము. ప్రోనోటునకు కాలదోషము మూడేండ్లు. ఆ గడువు దాటకముందు ఋణదాత వచ్చి, "బాబాయ్, నోటు తిరగవ్రాసికొందము" అనును. అసలు లక్ష, మూడేండ్ల వడ్డీ డెబ్బదిరెండు వేలు; కలిపి లక్షా డెబ్బదిరెండువేలకు క్రొత్తనోటు. వేలిముద్రయో సంతకమో పడును. ఆ క్షణమున ఏమి జరిగినదో చాలమందికి తెలియదు. నిన్నటివరకు వడ్డీగా నున్న డెబ్బదిరెండు వేలు నేటినుండి అసలైనది. మరి మూడేండ్లు గడచిన లక్షా డెబ్బదిరెండువేలమీద వడ్డీ 1,23,840, మొత్తము 2,95,840. బారువడ్డీ ఆరేండ్లు కట్టిన 2,44,000 మాత్రమే యగును. ఒక్క కాగితము మార్చినందుకు 51,840 రూపాయలు హెచ్చినవి. ఏటేట తిరగవ్రాసిన బాకీ రెట్టింపగుటకు నాలుగేండ్లు గూడ అక్కరలేదు. మూడేండ్ల మూడు నెలలు చాలును.

ఈ లెక్క ఎనిమిదవ తరగతి పిల్లవాడు చేయగలడు. చక్రవడ్డీ యను పాఠము వాని పుస్తకములో నున్నది. కాని పుస్తకములో బ్యాంకు, నూటికి అయిదు, పది వంతుల వడ్డీ, ఏటికొకసారి లెక్క. ఇంటిలో నున్నది "నెలకు రెండు". ఈ రెండును ఒకటేయని చెప్పువాడు లేడు. నెలరెండును ఏటి ఇరువదినాలుగుగా మార్చి, పిల్లవానిచే ఇంటిలోని పాతనోటు తేదీ, క్రొత్తనోటు మొత్తము చదివించి, తేడా వ్రాయించు ఉపాధ్యాయుడు ఆ సంసారమునకు చేయు మేలు ఇంతింతగాదు. అదే పిల్లవాడు మరియొక సంగతి తండ్రికి చెప్పగలడు. నోటు తిరగవ్రాయుటకు మారుగా, గడువులోపల కొంత సొమ్ము చెల్లించి, నోటు వెనుక ఆ చెల్లు వ్రాసి సంతకము చేసినను గడువు ఆ తేదీనుండి తిరిగి లెక్కకు వచ్చును. ఋణదాతకు భయము తీరును; వడ్డీ అసలు గాదు. ఇది తెలిసికొనుటకు ఉపాధ్యాయుడు న్యాయశాస్త్రము చదువనక్కరలేదు. పత్రికలలో చట్టసందేహముల శీర్షికలు వచ్చుచుండును; గ్రంథాలయములో చిన్న చిన్న చట్టపుస్తకము లుండును. ఒక సాయంకాలము చాలును. "లెక్కలు బ్రతుకున కెందుకు?" అని వెనుక బల్లనుండి యడుగు పిల్లవానికి ఈ 51,840 సమాధానము.

నందిగామ పేరు చెప్పినప్పుడు ఒక మహనీయుని తలపక పోవుట న్యాయము కాదు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10న, నాటి బళ్లారి జిల్లా హడగలిలో జన్మించిరి. పదిమంది సంతానములో ఎనిమిదవవారు గనుక కృష్ణుని పేరు పెట్టిరి. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు, బదిలీల యుద్యోగము. అందుచేత వారి బాల్యవిద్య గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో సాగినది. తండ్రి లీలావతి పేరుగల యొక లెక్కల పుస్తకము కుమారున కిచ్చి, దినమునకు ఇన్ని లెక్కలని నియమము పెట్టెను. తల్లి లక్ష్మీకాంతమ్మగారు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి నూనెదీపము వెలిగించి చదువ కూర్చుండబెట్టెడిది. ఆ దీపము సంగతి ఆయన పెద్దవాడైన తరువాతను గ్రంథము అంకితములో చెప్పుకొనెను. నందిగామలో విద్యుద్దీపములు లేని కాలపు పోలీసు క్వార్టరు, అందులో నొక పుస్తకము, ఒక దీపము: సామగ్రి ఇంతే.

ఆయన ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో గణితము చదివి, ఉద్యోగమునకై కలకత్తా పోయి, అచట భారతీయ గణాంకశాస్త్ర సంస్థలో చేరెను. తరువాత విశ్వవిద్యాలయ విద్యార్థులకు పాఠము చెప్పుచుండగా జరిగిన సంగతి మన విషయమునకు మిక్కిలి దగ్గర. ఫిషరు అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుని సిద్ధాంతమొకటి చెప్పుచుండెను. పరిశీలించిన నమూనా అపరిమితముగా పెద్దదైనప్పుడు చెల్లు సిద్ధాంతమది. విద్యార్థులలో నొకడు లేచి, "నమూనా చిన్నదైనప్పుడు ఇది ఏల నిరూపింపగూడదు?" అని యడిగెను. అడిగినవాడు వి.ఎం. దండేకరు, తరువాతి కాలమున పేదరికమును గూర్చి వ్రాసి పేరుగాంచిన ఆర్థికశాస్త్రవేత్త. ఉపాధ్యాయుడు "అది పాఠములో లేదు, కూర్చుండుము" అనలేదు. ఇంటికి పోయి రాత్రియెల్ల కూర్చుండి సాధించి, మరునాడు తరగతికి తెచ్చెను. అది 1945లో అచ్చైనది. క్రామర్-రావు అసమానత్వమను పేర నేడు ప్రపంచమున గణాంకశాస్త్రము చదువు ప్రతివాడును దానిని చదువవలెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియైదేండ్లు. 2001లో పద్మవిభూషణము వచ్చెను. ఆ 1945 నాటి పనిని ప్రధానముగా నెన్నుచు 2023లో గణాంకశాస్త్రపు అంతర్జాతీయ బహుమతి వచ్చినప్పుడు ఆయన వయస్సు 102. ఆ యేటనే ఆగస్టు 22న అమెరికాలో పరమపదించిరి.

ఆ సిద్ధాంతము సామాన్యులకు చెప్పవీలుకానిదనుట సరికాదు. మార్కెట్టు యార్డులో నలుబది బస్తాల మిర్చి దించినారు. కొనువాడు అన్ని బస్తాలు క్రుమ్మరించి చూడడు. రెండు మూడు బస్తాలలో చేయిపెట్టి తీసి, తాలు ఎంతో అంచనా కట్టును. నాలుగు పిడికిళ్లు తీసినవాని అంచనాకంటె పదునారు పిడికిళ్లు తీసినవాని అంచనాలో తప్పు సగమునకు తగ్గును. పని నాలుగింతలు చేసిన తప్పు సగము! అంచనా కట్టువాడు ఎంత నేర్పరియైనను, తీసిన పిడికిళ్లలో నున్న సమాచారమునకు మించి తప్పును తగ్గించుటకు ఒక హద్దు కలదు. ఆ హద్దు ఎంతో రాధాకృష్ణారావుగారు చెప్పిరి. నందిగామలోని లెక్కల ఉపాధ్యాయుడు ఈ మాటను మిర్చిబస్తా దగ్గర పిల్లలకు చెప్పినచో, ఆ యూరి బాలుని పని ఆ యూరికి తిరిగివచ్చినట్లగును.

పెద్ద విశ్వవిద్యాలయములు, పెద్ద బహుమతులు అందరికిని దొరకవు గదా యని యెవరైన ననవచ్చును. వారికి దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకరు కథ చెప్పవలెను. 1905లో పుట్టి 1986లో పోయిన ఈయన నాసిక దగ్గర దేవలాలిలో బడిపంతులు. అంతకుమించిన పదవి లేదు. అంకెలతో ఆడుకొనుటయే ఆయన వ్యసనము. నాలుగంకెల సంఖ్య నొకదానిని తీసికొనవలెను. అంకెలన్నియు ఒకటే కారాదు. పెద్ద అంకెనుండి చిన్నదానికి వ్రాసి, చిన్నదానినుండి పెద్దదానికి వ్రాసి, తీసివేయవలెను. వచ్చినదానితో మరల అట్లే. ఇంతకుముందు చెప్పిన 1945 సంవత్సరమునే తీసికొందము. 9541లో 1459 పోగా 8082. 8820లో 288 పోగా 8532. 8532లో 2358 పోగా 6174. మరల చేసినను 7641లో 1467 పోగా 6174యే. ఏ సంఖ్యతో మొదలిడినను ఏడు మెట్లలోపల ఇచటికే చేరును. చాలకాలము ఆయనను మన పండితులు లెక్కచేయలేదు. 1975లో అమెరికాలో మార్టిన్ గార్డ్‌నర్ అను రచయిత ఒక మాసపత్రికలోని తన వినోదగణిత శీర్షికలో వ్రాసిన తరువాత కాప్రేకరు పేరు ప్రపంచమెల్ల ప్రాకెను. బడిపంతులు కనుగొన్నది పత్రిక మోసికొనిపోయినది. కడప జిల్లా కల్లూరివాడైన లక్కోజు సంజీవరాయశర్మగారు పుట్టంధులు. అక్క పైకి చదువుచున్న పాఠములు చెవితో విని గణితము నేర్చి, సభలలో గణితావధానములు చేసిరి. కన్ను లేనివారికి సైతము చదువు వచ్చు దారి యున్నప్పుడు, ఉన్న కన్నులు మూసికొనుట ఎందులకు?

గ్రంథాలయపు పండుగనాడు ఎస్.ఆర్. రంగనాథన్ గారిని విడిచిన ఈ ప్రసంగము పూర్తికాదు. గ్రంథాలయశాస్త్రమునకు ఈ దేశమున తండ్రియని పేరొందిన ఈయన మొదట లెక్కల ఉపాధ్యాయుడని చాలమంది యెరుగరు. మంగుళూరు, కోయంబత్తూరు, మద్రాసు కళాశాలలలో గణితము చెప్పి, 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయమునకు తొలి గ్రంథాలయాధికారి యయ్యెను. చేరిన కొన్నాళ్లకే విసిగి, తరగతి గదికే తిరిగిపోవుదునని పేచీపెట్టెను. ముందు లండను పోయి గ్రంథాలయములు చూచి రమ్మనిరి. అక్కడ ఒక పెద్ద దుకాణములో పిల్లల యాటవస్తువు చూచెను. చిన్న చిన్న లోహపు పలకలు, మరలు. వానినే వేరువేరుగా బిగించిన ఒకసారి బండి, ఒకసారి వంతెన యగును. పుస్తకముల విషయములనుగూడ ఇట్లే చిన్న ముక్కలుగా విడదీసి కావలసినట్లు కూర్పవచ్చునని ఆయనకు తోచెను. 1933లో వచ్చిన ఆయన వర్గీకరణ పద్ధతికి అది బీజము. దుకాణములో బొమ్మచూచి శాస్త్రము కట్టిన ఉపాధ్యాయుడాయన! ఆ పద్ధతిలో గణితమునకు ఆయన "బి" అను రెండవ యక్షరమిచ్చెను. తన పాత స్నేహితురాలిని వెనుక వరుసలో కూర్చుండబెట్టలేదు. 1931లో ఆయన చెప్పిన పంచసూత్రములలో పుస్తకము వాడుకకొరకే యనునది మొదటిది. 1948 నాటి మద్రాసు గ్రంథాలయ చట్టము వెనుక ఆయన కృషి కలదు. ఆంధ్ర జిల్లాలలో ప్రజాగ్రంథాలయములకు ఇంటిపన్నుతో పాటు సుంకము వసూలగుటకు దారి ఆ చట్టమునుండియే యేర్పడినది. తరువాత 1960లో ఆంధ్రప్రదేశమునకు వేరు చట్టము వచ్చెను.

అనగా ఇంటిపన్ను కట్టిన ప్రతి గృహస్థునకును ఈ బల్లమీద హక్కు కలదు. లెక్కల ఉపాధ్యాయునకు మరికొంచె మెక్కువ కలదు. సర్కారువారు సెలవులలో పెట్టు శిక్షణ కొలదిదినములది. మిగిలిన మూడువందల దినములకు దిక్కు ఈ బల్లయే.

ఇందులకు గ్రంథాలయ సంఘమువారు చేయదగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కథల బీరువాలు అయిదుండగా, 510 సంఖ్యక్రింద నుండవలసిన గణితగ్రంథములకు ఒక్క అరయైనను ఉండవలెను. అందులో భాస్కరుని లీలావతికి తెలుగు టీకయు, దొరకినచో మల్లన గణితమును, రాధాకృష్ణారావుగారి చరిత్రయు, ఏటేట పంచాంగమును ఉంచవలెను. పంచాంగము లెక్కల పుస్తకమా యని నవ్వనక్కరలేదు. పంతొమ్మిదేండ్లలో ఏడు అధికమాసము లెందుకు వచ్చునో చెప్పుటకు అంతకంటె మంచి పుస్తకము లేదు: పంతొమ్మిది సౌరవర్షములును, రెండువందల ముప్పదియైదు చాంద్రమాసములును కొన్ని గంటల తేడాతో సరిపోవును. పాత పత్రికలను నెలాఖరున తూకమునకు అమ్మకముందు ఒక ఆదివారము ఉపాధ్యాయునకు అప్పగింపవలెను. ఆయన కత్తెరతో రానిండు. చదువు బల్లమీద ఒక నోటుపుస్తకము త్రాటితో కట్టియుంచవలెను. పత్రికలో కనబడి అర్థముకాని అంకెను ఎవరైనను అందులో వ్రాయవచ్చును. రైతు వ్రాయవచ్చును, ఎనిమిదవ తరగతి బాలిక వ్రాయవచ్చును. శనివారము సాయంకాలము ఉపాధ్యాయుడు వచ్చి చూచును. తెలిసినవానికి సమాధానము వ్రాయును. తెలియనివానిని ఇంటికి తీసికొనిపోవును.

మొదటి పుటలో వ్రాయదగిన ప్రశ్న యొకటి ఇప్పుడే కలదు. పది సెంటీమీటర్ల వాన కురిసిన దినమున ఈ గ్రంథాలయపు డాబామీద పడు నీరెంత? డాబా పొడవు వెడల్పులు ఎవరును వ్రాసిపెట్టలేదు. కొలత టేపు గ్రంథపాలకుని బల్ల సొరుగులో నున్నది.